జంటపాటలో పై గొంతు

పదిహేనేళ్ళు ఒపెరాలో పాడినదాన్ని కదా, దాని గురించి గొప్పగా రాస్తానని ఎవరైనా ఆశపడితే ఇక్కడే ఆగిపోవడం మంచిది. నాకు ఒపెరా అంటే ముందు గుర్తొచ్చేది వాసన. ఒకరు విప్పిన గౌను ఇంకొకరికి తొడుగుతారు. లోపల మెడ దగ్గర పాత మనిషి పేరు రాసిన గుడ్డముక్క ఉంటుంది, దాని చుట్టూ ఆ మనిషి చెమట. ఎన్నిసార్లు ఉతికినా పోదు. దాని మీద మన చెమట. ఆ పైన విగ్గు, విగ్గు అంచున నుదుటికి జిగురు. ఇంత రోతను ఒంటికి చుట్టుకుని లైట్ల కిందికి వెళ్ళి ప్రేమ గురించి పాడాలి. నాకు ఆ ప్రేమ పాటలు కూడా పెద్దగా దక్కలేదు. నాది మెజ్జో, అంటే ఆడగొంతుల్లో మధ్యరకం. ఆ గొంతుకు దొరికేవి దాసీలు, దాదులు, మంత్రగత్తెలు, చెయ్యి చూసి జోస్యం చెప్పేవాళ్ళు.

తూర్పు దేశాల కథ ఏదైనా వేసినప్పుడు కోరస్ అందరి ముఖాలకూ గోధుమరంగు పూసేవారు. నా వంతు వచ్చేసరికి మేకప్ ఆవిడ బ్రష్ పక్కన పెట్టి, "నీకు అక్కర్లేదులే, మాకు టైం మిగిల్చావు" అని నవ్వేది. మొదటిసారి నేనూ నవ్వాను. రెండోసారీ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఆవిడ మీద కంటే నా మీదే ఎక్కువ ఒళ్ళు మండుతుంది.

మనవాళ్ళేం తక్కువ తినలేదు. కాకినాడలో వర్ణాల దాకా నేర్చుకుని, పదకొండేళ్ళప్పుడు జర్మనీ వచ్చాను. నాన్న పాడర్‌బోర్న్‌లో డాక్టరు. స్కూలు కోరస్‌లోంచి సంగీత కళాశాలకు, అక్కడినుంచి ఎనిమిదేళ్ళు చర్చీల్లో పాడి, పిల్లలకు పాఠాలు చెప్పుకుని, చివరికి ఒక చిన్న ఊరి నాటకశాలకు వెళ్ళాను. ఈ సంగతి ఎలాగో తెలుసుకుని, దగ్గరి పట్నం కెమ్నిట్జ్‌లో చదువుకునే పిల్లలు ఒకసారి ఉగాది ఫంక్షన్‌కు పిలిచారు. వెళ్ళగానే ఒకబ్బాయి మైకు చేతికిచ్చాడు. "అక్కా, సౌండ్ చెక్ చెయ్యాలి. ఒక ప్రేయర్ సాంగ్ పాడెయ్యండక్కా, రెండు నిమిషాలంతే. హాల్ టెర్మిన్, అదే మన బుకింగ్, ఎనిమిదింటిదాకే ఉంది." సమోసాల లైను వైపు తిరిగి పాడాను. దిగాక ఒకావిడ దగ్గరికొచ్చి, "మీరు మామూలు పాటలు పాడరాండీ?" అని జాలిగా అడిగింది. ఆ తర్వాత ఎవరు పిలిచినా రిహార్సల్ ఉందని చెప్పేదాన్ని.

ఐస్‌లాండ్ పాటలు నా గొంతులోకి ఎలా వచ్చాయని అందరూ అడుగుతారు. ఆ దేశానికి నేను చాలా ఆలస్యంగా, ఒకే ఒక్కసారి వెళ్ళాను. పాటలు వచ్చింది మా నాటకశాల వెనక మెట్ల మీద.

మా కోరస్‌లో ఆల్టోల, అంటే మంద్రంగా పాడే ఆడవాళ్ళ వరుస చివర ఒక ఐస్‌లాండ్ ఆవిడ నిలబడేది. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. పొడుగ్గా, బ్యాంకులో కౌంటరు దగ్గర కూర్చునే మనిషిలా ఉండేది. ఎవరితోనూ కబుర్లు లేవు. నేను చేరిన మొదటి ఏడాది ఒక ఒపెరాలో నాకూ ఆవిడకూ మొదటి అంకంలో ఒకసారి, చివరి అంకంలో ఒకసారి పని. మధ్యలో బోలెడంత ఖాళీ. వెనక మెట్ల మీద కూర్చునేవాళ్ళం. ఆవిడ ఏదో కూనిరాగం తీస్తుంటే, నేను ఏమీ ఆలోచించకుండా ఆవిడ స్వరానికి కింద పంచమం దూరంలో నా గొంతు పెట్టి వెంట నడిచాను.

అది కాలేజీలో నేను చేస్తూ వచ్చిన తప్పు. రెండు గొంతులు అంత దూరంలో జంటగా నడవకూడదని అక్కడి నియమం. నా హార్మొనీ పుస్తకం నిండా ఆ తప్పుకు కొట్టిన ఎర్రగీతలే. చిన్నప్పటి నుంచీ తంబూరా సా-పా వింటూ పెరిగిన చెవి నాది, దానికి అందులో తప్పు కనిపించేది కాదు. మెట్ల మీద కూడా అలవాటు కొద్దీ అదే చేసి, వెంటనే నాలుక కరుచుకున్నాను. ఆవిడ కూనిరాగం ఆపి నావైపు తిరిగింది.

"ఎవరు నేర్పారు నీకు?" అంది.

"ఎవరూ నేర్పలేదు. తప్పని చెప్పారు."

"మా ఊళ్ళో ఇది తప్పు కాదు. మా ఊళ్ళో ఇదే పాట."

అలా మొదలైంది. ఆవిడ ఊళ్ళో దాన్ని జంటపాట అంటారు. రెండే గొంతులు. ఆవిడది పై గొంతు, నాది కింది గొంతు. నడుమ ఒకచోట కింది గొంతు పై గొంతును దాటి పైకి వెళ్ళి, మళ్ళీ తన చోటికి దిగుతుంది. ఆ దాటేచోట ఇద్దరూ ఒకరి ఊపిరి ఒకరు వినాలి, లేకపోతే ఢీకొంటారు. ఒక్కరే పాడితే అది పాట కాదు. ఆవిడ నాన్నా బాబాయీ గొర్రెల కొట్టంలో పాడుకునేవారట. ఆవిడకు అక్కచెల్లెళ్ళు లేరు, పెళ్ళాడిన జర్మన్ మనిషికి చెవి లేదు. ఒక్కొక్క మాటకూ అర్థం చెప్పి, నాలుక ఎక్కడ ఆనించాలో చూపించి, నన్ను విసిగించి, తను విసుక్కుని నేర్పింది. పాటలన్నీ వానలు, చచ్చిపోయిన గుర్రాలు, సముద్రంలో మునిగిన మగవాళ్ళు. మూడో చరణం వచ్చేసరికి ఎవడో ఒకడు మునగాల్సిందే. నాకు అవి ప్రాణం. పెదవులకు రంగు లేకుండా, విగ్గు లేకుండా, నా బట్టల్లో నేను పాడిన పాటలు జీవితంలో అవే.

తర్వాత బయట కూడా పాడాం. పల్లెల్లో చర్చీలు, లైబ్రరీలు, వృద్ధాశ్రమాలు. ఒకసారి చేపల రెస్టారెంటు ప్రారంభోత్సవానికి వేపుళ్ళ పొగలో నిలబడి పాడాం. మెల్లగా పేరొచ్చింది. పేరు అంటే నాకు. ఐస్‌లాండ్ ముసలావిడ ఐస్‌లాండ్ పాట పాడితే అందులో వార్త ఏముంది? భారతీయురాలు పాడితే వార్త. పత్రికవాడు ఫోటో వేశాడు. అందులో నేనున్నాను, నా పక్కన ఒక తెల్ల చొక్కా చెయ్యి మాత్రం ఉంది. ఆ చెయ్యి ఆవిడది. ఛీ అనుకున్నాను. అనుకుని, ఆ పేపరు కత్తిరించి ఫైల్లో పెట్టుకున్నాను. రేడియోవాళ్ళు నన్నొక్కదాన్నే ఇంటర్వ్యూకి పిలిస్తే వెళ్ళాను. ఆవిడ ఎప్పుడూ ఏమీ అనలేదు. నాకది వీలుగా ఉండేది.

ఇక్కడ మా నాటకశాలల పద్ధతి ఒకటి చెప్పాలి. పాడేవాళ్ళకు కాంట్రాక్టు ఏడాదికోసారి పొడిగిస్తారు. వద్దనుకుంటే ముందు ఏడాదే ఉత్తరం ఇచ్చి తీసెయ్యొచ్చు. కానీ పదిహేనేళ్ళు నిండితే ఇక తీసెయ్యడం కుదరదు, రిటైరయ్యేదాకా ఉంటాం. అందుకని ఏం చేస్తారంటే, పదమూడో ఏడో పధ్నాలుగో ఏడో చాలామందిని పిలిచి, కాఫీ పోసి, కళాత్మక కారణాలంటూ సాగనంపుతారు. గొంతు బాగానే ఉంటుంది. ఏళ్ళ లెక్క మాత్రం బాగుండదు. నిన్నటిదాకా భుజం తట్టినవాళ్ళు ఆ మనిషి క్యాంటీన్లోకి వస్తే సూపు గిన్నెలోకి చూస్తారు. నేనూ చూశాను, చాలామంది విషయంలో. ఆ క్యాంటీన్ బంగాళాదుంప సూపు వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ అక్కడినుంచి లేచిపోతాను.

నాకు పధ్నాలుగో ఏడు నడుస్తుండగా నాటకశాలకు కొత్త అధిపతి వచ్చాడు. బెర్లిన్ నుంచి. ఖరీదైన బూట్లు, మేజోళ్ళు లేవు. జనవరిలో కూడా ఎర్రగా కందిన చీలమండలు చూపించుకుంటూ తిరిగేవాడు. మాట్లాడినంతసేపూ మన మోచెయ్యి పట్టుకునేవాడు. జూలై ఆఖరులోగా నాకు ఉత్తరం రాకపోతే నేను గట్టెక్కినట్టు. వస్తే, నలభై ఎనిమిదేళ్ళ మెజ్జోను జర్మనీలో ఏ నాటకశాలా గుమ్మం ఎక్కనివ్వదు. ఆ వసంతమంతా మెట్ల మీద ఎవరి అడుగుల చప్పుడు విన్నా చేతిలో ఉత్తరం ఉందేమోనని తొంగి చూసేదాన్ని.

మే నెలలో ఆయన పిలిచాడు. ఉత్తరం కాదు, ఆలోచన. నా ఐస్‌లాండ్ పాటలు ఎక్కడో విన్నాడట. వాటితో పెద్ద హాల్లో కొత్త సీజన్‌కు ఒక ప్రదర్శన కట్టాలి. నేను చీరలో. వెనక కృత్రిమ మంచు. ఆ ప్రదర్శనకు ఆయన పెట్టిన పేరులో మంచు కూడా ఉంది, కుంకుమపువ్వు కూడా ఉంది. అంతకంటే చెప్పలేను, నోరు పాడవుతుంది. ఆ పేరు పలుకుతూ ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేను అద్భుతమన్నాను. అద్భుతమనే అన్నాను, వేరే మాట కాదు.

"ఇది రెండు గొంతుల పాట. పై గొంతు మా పాత కోరస్ ఆవిడది. రెండేళ్ళయింది రిటైరై" అని మాత్రం చెప్పగలిగాను.

"తప్పకుండా వింటాను. పిలిపించండి" అన్నాడు.

ఆవిడ జూన్‌లో ఒక మధ్యాహ్నం వచ్చింది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మెడ దగ్గర వాళ్ళమ్మ వెండి పిన్ను. ముప్ఫై ఏళ్ళు పనిచేసిన నాటకశాలకు హ్యాండ్‌బ్యాగు రెండు చేతులతో పట్టుకుని, కొత్తగా ఉద్యోగానికి వచ్చిన పిల్లలా వచ్చింది. పెద్ద హాలు ఖాళీ. ఆయన పదో వరుసలో కూర్చున్నాడు, కాళ్ళు ముందు కుర్చీ మీద పెట్టి. మేం పాడాం. ఆవిడ గొంతు అంచుల్లో కాస్త అరిగింది, నిజమే. పాత ఇత్తడి గ్లాసు అంచు అరిగినట్టు. కానీ ఆ దాటేచోట మా గొంతులు ఎప్పుడూ లేనంత బాగా కలిసి విడిపోయాయి. ఆవిడ కూడా గమనించింది, కంటి చివరతో నన్ను చూసింది.

ఆయన ఫోనులోంచి తలెత్తాడు. "ఇంకోసారి పాడతారా? ఈసారి కళ్ళజోడు లేకుండా?" ఆవిడ కళ్ళజోడు తీసి బ్యాగులో పెట్టింది. మళ్ళీ పాడాం. ఆయన లేచి స్టేజీ దగ్గరికి వచ్చాడు. ఆవిడను అటునుంచీ ఇటునుంచీ చూశాడు, ఫర్నిచర్ షాపులో బీరువాను చూసినట్టు. నాకు ఆ చూపుకే వాంతి రావాల్సింది.

ఆయన తెలివైనవాడు. వద్దని తను అనలేదు. నా మోచెయ్యి పట్టుకుని, ఆవిడ ముందే నన్ను అడిగాడు. "ఇవి మీ పాటలు. నిర్ణయం మీదే. మీరే చెప్పండి, ఈ గొంతు ఈ హాలుకు సరిపోతుందా?"

మీ పాటలట. అక్కడే, ఆ మాట దగ్గరే నేను చెయ్యి విదిలించుకుని ఉండాలి. "నావి కాదు, ఈవిడవి" అనాలి. లేదా "సరిపోతుంది" అనాలి. ఒక్క మాట. దాసీ వేషంలో కూడా అంతకంటే పొడుగు మాటలు పాడాను. ఆవిడ నావైపు చూడకుండా బ్యాగులో కళ్ళజోడు వెతుక్కుంటోంది. నా తలలో ఒక్కటే తిరుగుతోంది, జూలై, జూలై.

"ఈ హాలు పెద్దది" అన్నాను.

ఆవిడకు కళ్ళజోడు దొరికింది. పెట్టుకుని హాలును ఒకసారి పైనుంచి కిందికి చూసింది, ముప్ఫై ఏళ్ళు చూడనట్టు.

"అవును, పెద్దదే" అంది. కోటు గుండీలు అన్నీ పెట్టుకుని, ఆయనకు చెయ్యి కలిపి, నాకూ కలిపి వెళ్ళిపోయింది. అన్నేళ్ళలో ఆవిడ నాకు షేక్‌హ్యాండ్ ఇవ్వడం అదే మొదలు.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకు చెప్పాను. ఆయనది వరంగల్. ఐటీ ఉద్యోగం. సంగీతం గురించి ఏమీ తెలియదు, తెలిసినట్టు నటించడు కూడా. అందుకే ఆయనకు చెప్పడం సులువు.

"అయితే నీకు ఉత్తరం రాదన్నట్టేనా?" అన్నాడు.

"రాదు."

"మంచిగైంది గదా మరి. గట్ల మొఖం ఎందుకు పెట్టినవ్?"

జరిగింది జరిగినట్టు చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"నువ్వే అన్నవా ఆ మాట?"

"ఆయన అడిగాడు."

"ఆయన అడుగుతడు, ఆయన పనే గది. నువ్వు ఎందుకు చెప్పినవ్? మరి ఆమె ఏమన్నది?"

"ఏమీ అనలేదు. పెద్దదే అంది."

"తిట్టినా బాగుండు" అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. కంచంలో సగం అన్నం అలాగే ఉంది. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. మీ ఆఫీసులో ఎవరినైనా తీసేస్తే నువ్వు లేచి నిలబడ్డావా అని అరిచాను. "నిలబడలే" అన్నాడు. అంత నిజం చెప్పే మనిషితో పోట్లాడటం కూడా కుదరదు.

జూలై గడిచింది. ఉత్తరం రాలేదు.

పై గొంతుకు ఒక సోప్రానో అమ్మాయిని పెట్టారు. బంగారు జుట్టు, మెరిసే చర్మం, ఐస్‌లాండ్ ఎక్కడుందో మ్యాపులో చూసుకుని వచ్చింది. చెడ్డ పిల్ల అయితే ద్వేషించి ఊరుకునేదాన్ని. పాపం మంచిదే, కష్టపడేది. ఇన్నేళ్ళూ విని నా చెవిలో ఉండిపోయిన ఆవిడ పై గొంతును నేను ఆ అమ్మాయికి నేర్పాను. నాలుక ఎక్కడ ఆనించాలో చూపించాను. ఆవిడ విసుక్కున్నచోటే నేనూ విసుక్కున్నాను. ఆ అమ్మాయి ప్రతి స్వరాన్నీ ఊపి ఊపి వదిలేది, మునిగిపోయిన జాలరి గురించి కూడా పెళ్ళికూతురిలా పాడేది. వద్దని చెబితే అధిపతి వచ్చి, "వదిలెయ్యండి, వెచ్చగా ఉంది" అన్నాడు. వదిలేశాను.

చీర గురించి కూడా చెప్పి తీరాలి. కాస్ట్యూమ్ విభాగంవాళ్ళు దాన్ని కుట్టి, వెనకాల జిప్పు పెట్టారు. నేను రెండు నిమిషాల్లో కట్టుకోగలనని చెప్పాను. ఊడిపోతే ఇన్సూరెన్స్ ఒప్పుకోదన్నారు. కుచ్చిళ్ళు జిగురుతో అంటించారు. మా అమ్మ చూస్తే ఏమనేదో. జిప్పు చీరలో, పైనుంచి రాలుతున్న సబ్బు నురుగు మంచులో, ఆ గొర్రెల కొట్టంలో పుట్టిన పాటలు పాడాను. నురుగు నోట్లోకి పోయింది. హాలు మొత్తం లేచి నిలబడింది. మనవాళ్ళు రెండు వరుసలు బుక్ చేసుకుని వచ్చారు. బయట ఫోటోలకు చుట్టుముట్టి, "ప్రౌడ్ మూమెంట్ అక్కా! తెలుగమ్మాయి ఐస్‌లాండ్ భాషలో!" అన్నారు. అందరితోనూ ఫోటోలు దిగాను, పళ్ళు కనిపించేలా. ఇంటికి వెళ్ళి స్నానం చేస్తే నురుగు పోయింది గానీ మెడ దగ్గర జిగురు పోలేదు. గోళ్ళతో గీకాను. చర్మం లేచి వచ్చింది.

అధిపతి మరుసటి వారం క్యాంటీన్‌లో అందరి ముందూ గ్లాసెత్తి, ఇక ఈవిడను మన దగ్గర్నుంచి ఎవరూ తీసెయ్యలేరు అన్నాడు. అందరూ నవ్వారు.

ఆవిడ ఇంటికి వెళ్ళడానికి నాకు నవంబరు దాకా ధైర్యం రాలేదు. ట్రామ్ ఎక్కి, రెండు స్టాపుల ముందే దిగి, నడిచి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చి బెల్లు కొట్టాను. ముఖం మీద తలుపు వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. కోటు తీసి తగిలించింది, కూర్చోమంది. మంచి కప్పులు తీసింది, చుట్టాలకు తీసేవి. ఇదివరకు నేను వంటింట్లోకి వెళ్ళి నాకు కావలసింది నేనే తీసుకునేదాన్ని. ఆ రోజు నన్ను లేవనివ్వలేదు. వాతావరణం గురించి, తన మోకాలి ఆపరేషన్ గురించి, మేడ మీదివాళ్ళ కుక్క గురించి చెప్పింది. ప్రదర్శన చూశారా అని అడిగాను. చూశానంది, రెండో రోజు, బాల్కనీలో. "లైటింగ్ చాలా అందంగా ఉంది" అంది.

క్షమించమని అడగాలని వెళ్ళాను. ఇంట్లో మాటలు కూడగట్టుకున్నాను, జర్మన్‌లో, వరసగా. ఆ మంచి కప్పులు చూశాక ఒక్కటీ గుర్తు రాలేదు. నాకు తెలిసిన ఇంకో దారి ఒక్కటే. కళ్ళు కిందికి వేసుకుని, మెట్ల మీద మేం మొదట పాడిన పాట ఎత్తుకున్నాను. నా కింది గొంతు మాత్రమే. మొదటి పాదం అయింది. రెండో పాదంలో ఆవిడ అందుకోవాలి. చోటు వదిలాను. ఆవిడ అందుకోలేదు. ఆపడానికి సిగ్గేసి సాగించాను. దాటేచోటు వచ్చింది. దాటడానికి పైన ఎవరూ లేరు, నా గొంతు ఊరికే పైకి వెళ్ళి ఊరికే దిగింది. చివరి చరణందాకా అలాగే పాడి తలెత్తాను.

ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. ముఖంలో కోపం లేదు, ఏమీ లేదు. పాట అయిపోయిందని రూఢి చేసుకోవడానికి ఒక క్షణం ఆగింది, టికెట్ కొని వచ్చినవాళ్ళు ఆగినట్టు. తర్వాత చప్పట్లు కొట్టింది.